దాదా ఊరు

రిటైరై కర్నూలు వచ్చేస్తానని భాయ్‌జాన్ ఫోన్‌లో చెప్పిన రోజు అమ్మీ షుక్రానా నమాజ్ చదివింది. ముప్ఫై ఏళ్లు బర్మింగ్‌హామ్‌లో బస్సు నడిపిన మనిషికి ఇప్పుడు వతన్ మీదికి మనసు మళ్లింది. భాభీ కూడా రాజీ. "నువ్వు జర్నలిస్టువి కదా, వీసా సంగతి చూడు" అని ఆ పని నా నెత్తిన పెట్టారు.

కాగితాలు ముందేసుకుని కూర్చున్నా. మన దేశంలో రిటైర్‌మెంట్ వీసా అనేదే లేదు. భారతీయుడి భార్యకి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి ఓసీఐ కార్డు. నికాహ్ రిజిస్టరై రెండేళ్లు దాటితే అర్జీ పెట్టొచ్చు. జిందగీ అంతా రావొచ్చు, ఉండొచ్చు. ఓటు ఉండదు, పొలం కొనకూడదు, తబ్లీగ్‌కైనా జర్నలిజానికైనా ముందు ఇజాజత్ తీసుకోవాలి. రెండోది ఎంట్రీ వీసా. ముద్దత్ అయిపోతే పొడిగించమని మళ్లీ అడగాలి. 180 రోజులకు మించిన వీసా అయితే వచ్చిన 14 రోజుల్లో రిజిస్టర్ చేయించుకోవాలి.

"ఇంకేం ఆలోచించాలి భాభీ, ఓసీఐయే" అన్నా.

ఆమె కాసేపు మాట్లాడలేదు. "మా దాదా మీర్‌పూర్ వాళ్లు, భయ్యా. ఫారంలో అది అడుగుతారు" అన్నారు.

భాభీ పుట్టింది బర్మింగ్‌హామ్‌లో. పాస్‌పోర్టు బ్రిటన్‌ది. అయినా అమ్మానాన్నలు, తాతలు, ముత్తాతల్లో ఎవరు ఎప్పుడు పాకిస్తాన్ పౌరులై ఉన్నా ఓసీఐ ఇవ్వరు. భర్త భారతీయుడైనా ఇంతే. ఈ-వీసా కూడా ఉండదు. మామూలు వీసాకే అర్జీ పెట్టి, జవాబు కోసం ఇంతెజార్ చేయాలి.

ఇక్కడ ఒక ఏజెంటుని కలిశా. ఆ ప్రశ్న మీద వేలు పెట్టి, "నో అని కొట్టండి సార్. పోయినాయన కాగితాలు ఎవరు వెతుకుతారు?" అన్నాడు. అబద్ధం బయటపడితే వీసా రద్దవుతుందని నాకు తెలుసు. అమ్మీకి 82 ఏళ్లు. నా మనసు కాసేపు ఆ మాట వైపు మొగ్గింది, దాచను.

అదే మాట భాభీతో అన్నా. ఆమె కోప్పడలేదు. "1960లలో మంగ్లా డ్యామ్ కట్టారు. దాదా ఊరు నీళ్లలో పోయింది. అందుకే కొడుకుని తీసుకుని ఇక్కడికొచ్చారు. ఇప్పుడు కాగితం మీద కూడా ఆ ఊరిని నేనే ముంచాలా?"

నాకు మా నానీ గుర్తొచ్చింది. ఆమె ఊరు శ్రీశైలం డ్యామ్ నీళ్లలో పోయింది. ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు గట్టు మీద నిలబడి, మా ఇల్లు అదిగో అక్కడ అని బురదలోకి చూపించేది. మంగ్లాలో కూడా నీళ్లు తగ్గితే పాత మీర్‌పూర్ గుళ్లు, దర్గాలు బయటపడతాయట. ఏజెంటు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇక భాయ్‌జాన్ సంగతి. ఆయనది ఇంకా మన పాస్‌పోర్టే. రెండేళ్లు వరసగా బ్రిటన్ బయట ఉంటే అక్కడ ఉండే హక్కు పోతుంది. ఇక్కడేమో భాభీ వీసా ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఆమె వీసా ఆగేసరికి ఆయన హక్కు కూడా పోయి ఉంటే, ఈ వయసులో చెరో దేశంలో ఉండాల్సొస్తుంది. అందుకని మష్వరా చేసుకుని ఇలా ఫైసలా చేశారు: అక్కడి ఇల్లు అమ్మరు. ఎంట్రీ వీసా మీద వస్తారు. రెండేళ్లు నిండకముందే భాయ్‌జాన్ ఒకసారి వెళ్లొస్తాడు. భారతీయుణ్ణి పెళ్లాడి ఇక్కడ ఏడేళ్లు నివాసం ఉంటే పౌరసత్వానికి అర్జీ పెట్టొచ్చు. "అప్పటికి నాకు 65. అల్లా ఉంచితే చూద్దాం" అని భాభీ నవ్వారు.

ఫారంలో ఆ ప్రశ్న దగ్గర అవును అని పెట్టాం. దాదా పేరు, ఊరు పూర్తిగా రాశాం.

మీ ఇంట్లో కూడా ఇలాంటి రిష్తా ఉంటే ఒక్క మాట. నికాహ్ రిజిస్ట్రేషన్ వాయిదా వేయకండి. పెద్దలు హయాత్‌తో ఉండగానే వాళ్ల పుట్టిన ఊళ్లు అడిగి రాసిపెట్టుకోండి. ఇల్లు అమ్మడానికి ముందే ఇద్దరి వీసాల లెక్క చూసుకోండి.

అర్జీ పెట్టి మూడు నెలలైంది. అమ్మీ పైగదికి సున్నం వేయించింది. ఫజర్ కాగానే "మంజూరైందా బేటా?" అని అడుగుతుంది. ఇంకా కాలేదు.