పాట ఆపి చూడు బిడ్డా



మెచ్చుకోవడం తేలిక. తప్పు పట్టడమూ తేలికే. ఒకరు ప్రాణం పెట్టి చేసిన పనిని ఓపికగా చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ మనిషి చెయ్యి వదలకుండా ఉండటమే కష్టం. స్నేహితుడు చేసే గాయం గురించి సామెతలు 27వ అధ్యాయం చదివినప్పుడు మనమంతా తల ఊపుతాం. ఆ గాయం చేయవలసిన వంతు మనకొస్తే మాత్రం నోరు రాదు.

మన సంఘంలో డిగ్రీ చదివే ఒక తమ్ముడు ఆరు నెలలు కష్టపడి కంప్యూటర్‌లో చిన్న యానిమేషన్ సినిమా చేశాడు. నిడివి 2 నిమిషాల 40 సెకన్లు. పట్నం పోయిన కొడుకు, గుమ్మంలో ఎదురుచూసే తల్లి, ఇదీ కథ. మొదటి నుంచి చివరిదాకా వెనక ఒక హిట్ పాట. దాన్ని షార్ట్ ఫిలిం పోటీకి పంపాలని, అది చూపించి హైదరాబాదులో పని వెతుక్కోవాలని అతని ఆశ. "చూసి చెప్పండి అయ్యగారూ" అని నాకు పంపాడు. వాళ్ల అమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఆర్నెల్ల సంది పోరడు నిద్రవోతలేడు. మంచిగుందని ఒక్క మాట చెప్పుండ్రి" అంది.

ఆమె బాధ నాకు అర్థమైంది. కానీ నేను మంచిగుందని పంపిస్తే, మిగతా మాట ముక్కూ మొహం తెలియనివాళ్లు చెబుతారు. వాళ్లకు ఈ పిల్లవాడి మీద ప్రేమ ఉండదు.

ముందు మంచి చెప్పాను. సెకనుకు 24 బొమ్మల లెక్కన ఆ సినిమాలో 3840 బొమ్మలున్నాయి. కంప్యూటర్ సాయం చేసినా ఒక్కడే అంత పని చేయడం మాటలు కాదు. బస్సు దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగే చోట నా గొంతు పట్టుకుంది.

తర్వాత "పాట ఆపి చూద్దాం బిడ్డా" అని ఫోన్ సౌండ్ తీసేశాను. ఇద్దరం మళ్లీ చూశాం. ఇందాక కన్నీళ్లు తెప్పించిన చోట ఇప్పుడు ఒక ఆడమనిషి ఊరికే నిలబడి ఉంది, అంతే. మనల్ని ఏడిపించింది గాయకుడి గొంతు గాని బొమ్మ కాదు.

మన జిల్లాలోనే ఉన్న చేర్యాల గుర్తు చేశాను. నకాషీ కళాకారులు ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి, ఎర్రటి నేల మీద వరసగా కథ గీస్తారు. కథ చెప్పేవాళ్లు ఆ పటం విప్పి, బొమ్మ బొమ్మ చూపిస్తూ పాడతారు. అక్కడ పాట పాట పని చేస్తుంది, బొమ్మ బొమ్మ పని చేస్తుంది. పాడేవాడు ఆగినా బొమ్మలో కథ కనబడుతూనే ఉంటుంది.

రెండోది ఇల్లు. ఏటవాలు కప్పు, పొగగొట్టం, తెల్లటి కంచె. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన ఇల్లు. "సిద్దిపేట చుట్టుపక్కల ఏ ఊర్లో ఉంది బిడ్డా ఇది? మీ అమ్మ చేతులు ఎప్పుడన్నా ఖాళీగా చూసినవా?" అని అడిగాను. ఆమె బీడీలు చేస్తుంది. ఒళ్లో చాట, పక్కన తునికాకు, కత్తెర, దారం. కొడుకు కోసం తోవ చూస్తున్నా ఆ వేళ్లు ఆగవు.

మూడోది పాట హక్కు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు దాన్ని తీసినవాళ్లది. అనుమతి లేకుండా వాడితే యూట్యూబ్ దానంతట అదే గుర్తుపట్టి వీడియోను ఆపేయవచ్చు. మన సంఘంలో డోలక్ వాయించే పిల్లలున్నారు, పాడే గొంతులున్నాయి.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "వేళ్లు కదిలించుడు చానా కష్టం అయ్యగారూ. అందుకే గుమ్మంల నిలబెట్టిన" అన్నాడు.

పనిముట్టు చిన్నదని దిగులు పడొద్దన్నాను. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన లాత్వియా సినిమా 'ఫ్లో'ను కూడా ఇతను వాడే బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే చేశారు. అందులో ఒక్క మాట కూడా ఉండదు. జంతువుల కదలికే కథంతా చెబుతుంది.

ప్రియులారా, నిర్గమకాండము 31లో బెసలేలు చేతిపనికి కావలసిన నేర్పు దేవుడిచ్చిందే. యిర్మీయా 18లో కుమ్మరి చెడిపోయిన కుండను చూసి బాగుందని అనుకోలేదు, మట్టిని అవతల పారేయనూ లేదు. అదే మట్టితో మళ్లీ చేశాడు. మన పిల్లలు పాటో బొమ్మో తెచ్చి చూపిస్తే, ఫోన్‌లో బొటనవేలు గుర్తు పెట్టి పంపేయకండి. పూర్తిగా చూడండి. చూసింది చెప్పండి. చెప్పాక పక్కన కూర్చోండి.

ఆ తమ్ముడు తల్లి భాగాన్ని మళ్లీ మొదలుపెట్టాడు. పోటీ గడువు దగ్గరపడింది, ఈసారికి అందకపోవచ్చు. వాళ్ల అమ్మ రెండు ఆదివారాలుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. ఆమె కోసం, రాత్రిపూట ఆమె వేళ్లను చూసి నేర్చుకుంటున్న కొడుకు కోసం ప్రార్థించండి.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.