కేసముద్రంలో బువ్వ లెక్క

వరంగల్ నుంచి డోర్నకల్ వైపు పోయే రైలు నెక్కొండ దాటాక, మహబూబాబాద్ ఇంకా రాకముందే కేసముద్రంలో ఆగుతుంది. పసుపు, మిర్చి, మక్కలు, వడ్లు అమ్ముకునే మార్కెట్ వల్లే చుట్టుపక్కల ఊళ్లకు ఈ పేరు తెలుసు. నేను పోయింది మాత్రం ఆ మండలంలోని ఒక పల్లె దవాఖానకు. షుగర్, బీపీ గోలీలు ఇచ్చే రోజది.

అరవై ఏళ్లుంటాయేమో, ఒక కూలి తల్లి వేలు చాపింది. మీటరులో 248.

"సక్కెర ముట్టుడే బంద్ చేసిన బిడ్డా. చాయ్ సుత సప్పగనే తాగుతున్న."

"బువ్వెంత తింటున్నవ్ పెద్దమ్మా?" అని అడిగింది సిస్టర్.

ఆమె రెండు చేతులతో కంచంలో కుప్ప చూపించింది. నాలుగు వందల గ్రాములకు తక్కువుండదు. వంద గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం. అంటే ఒక్క పూటకే 110 గ్రాములు. అరిగాక చాలావరకు గ్లూకోజుగా రక్తంలో కలిసేదే. చాయ్‌లో ఆమె మానేసిన రెండు చెంచాల చక్కెర పది గ్రాములు. ఇంత నిష్ఠగా తీపి మానుకున్న మనిషికి ఈ లెక్క ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదంటే నాకు బాధేసింది.

సిస్టర్ బువ్వ మానమనలేదు. ఒక గిన్నె చూపించి, పూటకు దానితో ఒక్కసారే పెట్టుకోమంది. ముందు కూర, పప్పు, ఉంటే గుడ్డు తిని, ఆ తర్వాతే అన్నం. పీచు, మాంసకృత్తులు కడుపులో ముందుంటే గ్లూకోజు ఒక్కసారిగా ఎగబాకదు.

"పప్పు యాడికెళ్లి తేవాలె బిడ్డా? బియ్యమైతే ఇస్తున్రు."

నిజమే. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్‌పై మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితం. ఆకలి తీర్చే మంచి పనే అది. కానీ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు రోజుటి శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించొద్దంటున్నాయి. బియ్యం పక్కన కందిపప్పు కూడా ఇవ్వకుండా ఆ మాట పేదింటి కంచం దాకా చేరదని నా గట్టి నమ్మకం.

వరుసలో ఉన్న ఒకాయన జొన్న గట్కకు మారానన్నాడు. మంచిదే, జొన్నలో పీచు ఎక్కువ. 2015లో రాజేంద్రనగర్ పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన తెలంగాణ సోనా బియ్యం కూడా షుగర్‌ను నెమ్మదిగా పెంచుతుందని పేరు. అయినా జొన్నలోనూ పిండిపదార్థమే ఎక్కువ. ఏదైనా రెండింతలు తింటే ఆ మేలు మిగలదు.

చివర్లో వచ్చిన హమాలీది వేరే కష్టం. పొద్దున గ్లిమెపిరైడ్ గోలీ వేసుకుని, ఏమీ తినకుండానే బస్తాలు మోస్తాడు. పదకొండింటికల్లా చెమటలు, వణుకు, కళ్లు తిరుగుడు. షుగర్ 70 కంటే కిందికి పడిపోతే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలని, పావుగంటకు మళ్లీ చూపించుకోవాలని, ఆ తర్వాత తిండి తినాలని సిస్టర్ చెప్పింది. జేబులో చక్కెర పొట్లం పెట్టుకోమంది. కాంటాలు అయ్యేదాకా తిండికి తీరిక లేని పనికి గోలీ ఏ వేళకు మార్చాలో డాక్టరే చెప్పాలని, ఆయన వచ్చేదాకా హమాలీని బెంచీ మీద కూర్చోబెట్టి ఇడ్లీ తెప్పించింది.