గడ్డకట్టిన సరస్సు మీద కుర్చీ వేసుకుని

కాళ్ల కింద జానెడు మందాన మంచు, దాని కింద ముప్పై అడుగుల నీళ్లు, ఆ నీళ్లలో ఆకలి మీదున్న చేపలు. పైన మేము, మడత కుర్చీలు వేసుకుని, ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటూ. కెనడా వచ్చేముందు ఈ సంగతి నాకెవరూ ఎందుకు చెప్పలేదు? చలి గురించి చెప్పారు. పారతో మంచు ఎత్తితే నడుం పట్టేస్తుందని చెప్పారు, హీటింగు బిల్లు చూసి గుండె చిక్కబట్టుకోమన్నారు. టొరంటో నుంచి ఉత్తరంగా గంట, గంటంబావు కారు నడిపితే సిమ్‌కో అనే పెద్ద సరస్సు వస్తుందని, గట్టి చలి పడిన ఏడాది జనవరిలో దాని మీద రంగురంగుల గుడిసెలతో ఓ ఊరే వెలుస్తుందని, మార్చి వెళ్లేసరికి ఆ ఊరు జాడ లేకుండా పోతుందని ఒక్కరంటే ఒక్కరు చెబితే ఒట్టు!

మాది భీమవరం. చుట్టుపక్కల ఎటు చూసినా చేపల చెరువులే. బొచ్చె, శీలావతి మాకు టన్నుల్లో లెక్క. ఐసు ముక్కల మధ్య పడుకుని లారీ ఎక్కుతాయి. గాలం వేయడమంటే మగపిల్లల కాలక్షేపం, ఆడపిల్లకి ఎవరిస్తారు గాలం? అలాంటి నన్ను మా అన్నయ్య ఫిబ్రవరి చలిలో సరస్సు నడిమధ్యకి బయల్దేరదీశాడు. "ముందు వెళ్లి చూడమ్మా, తిట్టుకోవడం తర్వాత తిట్టుకుందువుగాని" అని వదిన నా బూట్లు తనే బిగించింది. తిట్టుకునే అవకాశమే దొరకలేదు.

ఆగర్ అనే నిలువెత్తు బర్మాతో మంచుకి చిల్లి పెడతారు. ఇప్పుడు బ్యాటరీలవీ వచ్చాయిగానీ, అన్నయ్య దగ్గరున్నది చేత్తో తిప్పేదే. మొదట తెల్లటి పొడి లేస్తుంది. కాస్త లోతుకి వెళ్లాక పొడి బూడిదరంగుకి తిరుగుతుంది. ఇంకో నాలుగు చుట్లు, అంతే, చేతుల కింద పట్టు తప్పి ఆగర్ ఒక్కసారిగా దిగిపోతుంది, కన్నంలోంచి నీళ్లు బుస్సున పైకొస్తాయి. పైన తేలే మంచు నలుసుల్ని చిల్లుల గరిటెతో తీసేసి వంగి చూశాను. కన్నం అంచులు ఆకుపచ్చకీ నీలానికీ మధ్యలో వెలుగుతున్నాయి. దాని అడుగున నలుపు. గాలపు కర్ర మూరెడుంటుంది, అంతే. దారం చివర గోరంత సీసపు గుండు, దానికే కొక్కెం, కొక్కేనికి వేలెడు లేని చిన్న చేప ఎర. అడుగుకి తగిలేదాకా వదిలి, జానెడు పైకి లాగి, మణికట్టుని సన్నగా ఆడిస్తూ ఉండాలి. కర్ర కొస వణికిందా లేదా అన్నంత సన్నగా వణుకుతుంది. గాలి కాదు, ఎవరో కింద నుంచి తట్టారు.

వచ్చింది పెర్చ్. ఇత్తడి పసుపు ఒళ్లు, దాని మీద నిలువునా ముదురాకుపచ్చ పట్టీలు, కడుపు కింద నారింజరంగు రెక్కలు. తెలుపు తప్ప మరో రంగు లేని ఆ మైదానంలో ఆ చేప ఒక్కటే రంగు వేసుకుని పుట్టినట్టుంది. వీపు మీది రెక్క విప్పితే ముళ్లే, జాగ్రత్తగా పట్టుకోవాలి. ఫొటో తీద్దామని చేతి తొడుగు విప్పాను, ఫోను చలికి చచ్చిపోయింది. మంచిదే అయింది, చేపనే చూశాను.

అప్పుడు మంచు ఉరిమింది. నిజంగానే ఉరిమింది, మన కాళ్ల కిందే పుట్టి మైలు దూరం పరిగెత్తింది ఆ చప్పుడు. నా ప్రాణాలు గొంతులోకొచ్చాయి. పక్క గుడిసెలో పెద్దాయన తల కూడా తిప్పలేదు. చలి ముదిరేకొద్దీ, ఎండ సోకేకొద్దీ మంచు పలక సాగుతూ ముడుచుకుంటూ ఉంటుందిట, అప్పుడే ఈ మోత. చప్పుడు వింటే భయపడక్కర్లేదుగానీ మందం కొలవకుండా మాత్రం అడుగు వేయకూడదు. గట్టి, తేటైన మంచు నాలుగంగుళాలుంటే మనిషి నడవొచ్చు. తెల్లగా, పాలిపోయినట్టున్న మంచుకి ఆ బలంలో సగమే ఉంటుంది. ఈమధ్య కొన్ని చలికాలాలు మెత్తబడి సిమ్‌కో సరిగా గడ్డకట్టలేదు కూడా. తెలియని చోట కొలవడం మనవల్ల కాదు కాబట్టి, కొత్తవాళ్లకి గుడిసె అద్దెకిచ్చేవాళ్లే శరణ్యం. మంచు బండి మీద తీసుకెళ్లి, హీటరు వెలిగించి, కన్నాలు తవ్వి పెట్టి, సాయంత్రానికి మళ్లీ ఒడ్డుకి చేరుస్తారు.

అంత చలిలో చేపలు ఎలా బతుకుతున్నాయని అడగని తెలుగువాళ్లు లేరు. నీళ్లకున్న ఒక వింత గుణం వాటిని కాపాడుతోంది. 4 డిగ్రీల దగ్గర నీరు అన్నిటికంటే బరువు. ఇంకా చల్లబడితే తేలికవుతుంది, గడ్డకడితే ఏకంగా తేలుతుంది. అందుకని సరస్సు పైనుంచి కిందికి గడ్డకడుతుంది, మంచు మూతకింద అడుగు నీళ్లు ఆ 4 డిగ్రీల దగ్గరే నిలబడతాయి. పైన మైనస్ 20, కింద చేపలు నింపాదిగా తిరుగుతున్నాయి. ఈ పాఠం తొమ్మిదో తరగతిలో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నదాన్నే నేను. దాని మీద కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు ఒళ్లు జలదరించింది.

ఇదే సరస్సు ఉత్తరపు కొసన, ఒరిలియా ఊరి దగ్గర, సిమ్‌కో నీళ్లు కూచిచింగ్ సరస్సులోకి జారే ఇరుకు చోటు ఉంది. అక్కడ ఆదివాసులు నీళ్లలో కర్రలు పాతి చేపల్ని దారి మళ్లించి పట్టేవారు. ఆ దడుల్లో అతి పాతవాటి వయసు నాలుగున్నర వేల ఏళ్ల పైమాటే! మ్నిజికానింగ్ చేపల దడులంటారు. 1615లో ఫ్రెంచి యాత్రికుడు షాంప్లేన్ ఈ దారిన వెళ్తూ వాటిని చూశాడు, 1982లో ప్రభుత్వం జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. పైనుంచి హైవే వంతెన పోతుంది. ఎన్నోసార్లు కారులో ఆ వంతెన దాటినవాళ్లకి కూడా కింద ఏముందో తెలియదు. మరి ఇన్ని వేల ఏళ్లుగా జనం పట్టుకు తింటున్నా ఇంకా చేప ఎలా మిగిలింది?

దానికి ఇప్పటి జవాబు ఓ పుస్తకం. ఒంటారియో ప్రభుత్వం ఏటా చేపల నిబంధనల పుస్తకం వేస్తుంది, నేను దాన్ని వారపత్రిక సీరియల్లా చదువుతున్నానంటే నమ్మండి. రాష్ట్రమంతా మండలాలుగా విడగొట్టి, ఏ మండలంలో ఏ చేపని ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని, ఎంత పొడుగువి పట్టొచ్చో రాస్తారు. లైసెన్సు రెండు రకాలు. సిమ్‌కోలో స్పోర్ట్ లైసెన్సు ఉంటే 50 పెర్చ్‌లు ఉంచుకోవచ్చు, చవకైన కన్జర్వేషన్ లైసెన్సు మీద 25. వేసవిలో ఒక గాలమే, మంచు మీద రెండు. మంచు మీద గుడిసె వేస్తే నంబరు రాయించుకోవాలి, గడువులోగా పీకేయాలి. కొరమీను జాతి మీద ఇంకా కఠినం: ప్రాణంతో దగ్గర పెట్టుకోవడమే నేరం. తెలంగాణకి అది రాష్ట్ర చేప, ఇక్కడి సరస్సుల్లో పడితే స్థానిక చేపల్ని మింగేస్తుందని భయం. పాపం కొరమీను.

మార్చిలో మంచు మెత్తబడుతుంది, మేపుల్ చెట్ల రసం కదులుతుంది. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే ఆ కొద్ది వారాల్లోనే రసం కారుతుంది, 40 లీటర్లు మరిగిస్తే 1 లీటరు పాకం. నీళ్లు పారడం మొదలవగానే లేక్ ఒంటారియో నుంచి స్టీల్‌హెడ్ ట్రౌట్లు ఏటికి ఎదురెక్కుతాయి. మే మధ్యలో వాలై అనే చేప వేటకి తలుపులు తెరుస్తారు. ఇక్కడివాళ్లు దాన్ని పికరెల్ అంటారు. కంటి వెనక అద్దంలాంటి పొర ఉండటంవల్ల మసక చీకట్లో దానికి బాగా కనిపిస్తుంది, టార్చి వేస్తే కళ్లు పిల్లి కళ్లలా మెరుస్తాయి. అందుకే పొద్దువాలాక వేటాడుతుంది, మనమూ అప్పుడే వెళ్లాలి. ఆ రోజుల్లోనే నల్ల ఈగలూ వస్తాయి. శుభ్రంగా పారే నీళ్లలోనే పుడతాయట. చెవి వెనకాల రక్తం తుడుచుకుంటూ ఆ శుభ్రతని మెచ్చుకోవడం కాస్త కష్టమే.

వేసవి గురించి అందరికీ తెలుసు, త్వరగా చెప్పేస్తాను. స్మాల్‌మౌత్ బాస్‌లో పిల్లల్ని కాసేది తండ్రి: తోకతో గులకరాళ్ల మధ్య గుంట ఊడ్చి, ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోయాక కాపలా కూర్చుంటాడు, దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరుముతాడు. అతన్ని ఎత్తుకుపోతే ఆ గుడ్లు ఇతర చేపల పాలే. అందుకే చాలా చోట్ల జూన్ రెండో సగం దాకా బాస్‌ని ఇంటికి తీసుకెళ్లనివ్వరు. ఇక కనూ పడవలో వెళ్లాలంటే ఆల్గాన్‌క్విన్ పార్కు. 1893 నాటిది, రెండు వేలకి పైగా సరస్సులు. ఒక సరస్సు అయిపోతే పడవని నెత్తిన పెట్టుకుని అడవి బాటన రెండో సరస్సుకి నడుస్తారు. లోపలి అడవికి గాజు సీసాలూ టిన్ను డబ్బాలూ తేకూడదు, అంచేత మా ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది. రాత్రి తిండి సంచీ గుడారానికి దూరంగా చెట్టుకి ఎత్తున వేలాడదీయాలి, ఎలుగుల కోసం. మా ఆవకాయ కూడా ఎక్కింది చెట్టు. చీకటి పడ్డాక లూన్ పక్షి కూసింది. ఈ దేశపు డాలరు బిళ్ల మీద 1987 నుంచి ఉన్నది ఈ పక్షే, జేబులో రోజూ మోస్తున్నాను, గొంతు మాత్రం అదే వినడం. ఏడుపో నవ్వో తేల్చుకోలేక వదిన, నేను గుడారంలో ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం.

కానీ నన్నడిగితే ఏడాదికి పెద్ద పండగ సెప్టెంబరే. టొరంటోకి తూర్పుగా వంద కిలోమీటర్లలో పోర్ట్ హోప్ ఊరు, ఊరి మధ్య నుంచి పారే గెనరాస్కా ఏరు. అక్కడ కార్బెట్ ఆనకట్ట పక్కన చేపలు మెట్టుమెట్టుగా ఎక్కడానికి కట్టిన దారి ఉంది. గోదావరి ఎర్రనీళ్లకి ఎదురెక్కే పులస కథ విని పెరిగినదాన్ని, ఎదురీత అంటే ఏమిటో కళ్లతో చూసింది మాత్రం ఇక్కడే. పదేసి కిలోల చినూక్ సాల్మన్లు, మోకాల్లోతు నీళ్లలో వీపులు బయటికి పెట్టి, రాళ్ల మీద ఒళ్లు గీరుకుంటూ, ఎగిరి గోడకి కొట్టుకుని కింద పడి మళ్లీ ఎగురుతూ. ఏట్లో అడుగు పెట్టాక అవి తిండి మానేస్తాయి, ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే ఈ పరుగంతా. గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. తోకలు అరిగి తెల్లబడినవి కూడా ఆగడం లేదు. పిల్లలు, ముసలివాళ్లు, తలపాగాల సర్దార్జీలు, బురఖాల ఆడవాళ్లు, అందరూ కంచె మీదికి వంగి, ఒక్కో గెంతుకీ "ఆ... ఆ... ఎక్కింది!" అని ఎవరి భాషలో వాళ్లు అరుస్తున్నారు. నేనూ అరిచాను, గొంతు పోయింది. ఆనకట్ట దగ్గర గాలం నిషేధం కాబట్టి చూడటమే పని. అదే బాగుంది.

తమాషా ఏమిటంటే ఈ చినూక్ ఇక్కడి చేప కాదు. పసిఫిక్ తీరం నుంచి తెచ్చి 1960ల చివర్లో లేక్ ఒంటారియోలో వదిలారు, విపరీతంగా పెరిగిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేపల్ని తింటుందని. అసలు ఈ సరస్సుకి సొంత సాల్మన్ ఉండేది, అట్లాంటిక్ సాల్మన్. మిల్లుల ఆనకట్టలు, అడవుల నరికివేత, అడ్డూ అదుపూ లేని వేట కలిసి 19వ శతాబ్దం ముగిసేలోపే దాన్ని తుడిచేశాయి. 2006 నుంచి మళ్లీ నిలబెట్టాలని పిల్ల చేపల్ని ఏరుల్లో వదులుతున్నారు. వలసొచ్చి ఇంత ధాటిగా ఏరెక్కే చినూక్‌ని చూసి ఈ దేశానికి నేనూ కొత్తదాన్నే కదా అనిపించిందిగానీ, ఆ పోలిక సాగదీయను; దాని చివర నాకు నచ్చదు.

తినే సంగతి చెప్పకపోతే మా భీమవరం వాళ్లు క్షమించరు. ఏరెక్కిన సాల్మన్ రుచిలో పనికిరాదు, కండ పాలిపోయి మెత్తబడిపోతుంది. చలికాలపు పెర్చ్ మాత్రం అమృతం. ముక్కలు తీసి, ఉప్పూ కారం పసుపూ పట్టించి, బియ్యప్పిండిలో దొర్లించి నూనెలో వేస్తే రెండు నిమిషాలు. ముల్లు లేదు, నీచు లేదు. చింతపండు పులుసుకి కొవ్వు పట్టిన వైట్‌ఫిష్ దాని కంటే బాగా నిలుస్తుంది. ఇంగువ వేయాలా వద్దా అన్నది వదినకీ నాకూ ఇంకా తేలలేదు. ఏ సరస్సులో ఏ చేప, ఎంత పొడుగున్నది, నెలకి ఎన్నిసార్లు తినొచ్చో చెప్పే పట్టిక కూడా ప్రభుత్వమే పెట్టింది, గర్భిణులకీ పిల్లలకీ విడిగా. పెద్ద వేటచేపల్లో పాదరసం పేరుకుంటుంది, చిన్న పెర్చ్‌తో ఆ బెంగ తక్కువ.

ఫిబ్రవరి మూడో సోమవారం ఫ్యామిలీ డే. ఆ వారాంతం ఒంటారియోలో, కెనడాలో ఉంటున్నవాళ్లెవరైనా లైసెన్సు లేకుండా గాలం వేయొచ్చు, కన్జర్వేషన్ లెక్కలకి లోబడి. ఊరి నుంచి చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలకి ఇది వర్తించదు, వాళ్లకి కొనాల్సిందే. గుడిసెలు ముందే నిండిపోతాయి, జనవరిలోనే ఫోను చేయండి. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి, రెండు జతల ఉన్ని మేజోళ్లు పట్టాలి. పులిహోర వద్దు, గడ్డకట్టి రాయైపోతుంది. జంతికలు తెచ్చుకోండి.