నాలుగో భాష

నిరుడు వేసవి సెలవుల్లో మా తమ్ముడు తాండా నుంచి గుడిబండకు వచ్చినాడు. వెంట కూతుర్ని కూడా పిలుచుకొచ్చినాడు. పాప హిందూపురంలో బీఏ ముగించింది. తెలుగు, ఇంగ్లీషు సాహిత్యాలు చదివింది.

"అక్కా, అప్పు చేసి మూడేండ్లు చదివిస్తిని. ఈ భాషల చదువుకు ఉద్యోగం ఏముండాది? లేదంటే చెప్పు, దొడ్డబళ్ళాపురం గార్మెంట్సుకు పంపిస్తా" అన్నాడు.

పాప తల వంచుకుని కూర్చుంది. నాకు వెంటనే మాట రాలేదు. ఇంటర్ అయినాక నాకూ తెలుగు సాహిత్యం చదవాలనే ఆశ ఉండేది. మా నాయన దగ్గర దుడ్డు లేదు. బుక్కపట్నం డైట్‌లో రెండేండ్ల ట్రైనింగ్ అయితే తొందరగా ఉద్యోగం వస్తుందన్నారు. చేరినాను, ఉద్యోగం వచ్చింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ నేను వదులుకున్న చదువు చదివిన పిల్ల నా ఎదురుగా కూర్చుంటే, గార్మెంట్సుకు పంపించు అని ఏ నోటితో చెప్పాలి?

తెలిసినదంతా దాచకుండా చెప్పినాను. మొదటిది టీచరు ఉద్యోగం. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడినాయి. భాషల స్కూల్ అసిస్టెంటు కావాలంటే ఒట్టి బీఏ చాలదు. ఆ భాష మెథడాలజీతో బీఈడీ గానీ పండిత శిక్షణ గానీ ఉండాలి, టెట్ పాసవ్వాలి. పాపకు ఆ రెండూ లేవు. అన్ని పోస్టులు పడినా దరఖాస్తు పెట్టలేక చూస్తూ ఉండిపోయింది. డిగ్రీలో చేరేటప్పుడే ఈ సంగతి చెప్పవలసినదాన్ని నేనే. చెప్పలేదు.

రెండోది మన పక్కనే ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం అయింది, 2019లో కార్లు బయటికి వచ్చినాయి. ఏడాదికి మూడు లక్షల కార్లు చేసే ఫ్యాక్టరీ అది. ఇప్పుడు పెనుకొండలో కొరియన్ అక్షరాల బోర్డులు కనిపిస్తాయి. కొరియన్ భాషకు టోపిక్ అని పరీక్ష ఉంది, ఆరు మెట్లు. మొదటి రెండు మెట్లు మామూలు మాటలకు సరిపోతాయి. ఇంజనీరు చెప్పేది కార్మికుడికి అందించాలంటే పై మెట్లు ఎక్కాలి, మిషన్ల పేర్లు కూడా నేర్చుకోవాలి. ఢిల్లీ జేఎన్‌యూలో కొరియన్‌లో బీఏ ఉంది. హైదరాబాదు ఇఫ్లూలో ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ వంటివి నేర్పుతారు.

మూడోది అనువాదం. మామూలు కాగితాలను ఇప్పుడు కంప్యూటరే తిప్పేస్తుంది. అది తిప్పినదాంట్లో తప్పు పట్టగలిగినవాళ్ళకే పని మిగులుతుంది. మన సరిహద్దు పిల్లలకు తెలుగుతో పాటు కన్నడం కూడా వస్తుంది గనుక అది కొంత మేలు. మడకశిర వైపు కన్నడ మీడియం బడులు ఇప్పటికీ ఉన్నాయి.

"అయితే కర్ణాటకలోనే ఉద్యోగం చూడొచ్చు కదా" అన్నాడు తమ్ముడు.

చూడొచ్చు. కానీ సుగాలీలు ఇక్కడ ఎస్టీలు, అక్కడ లంబాణీల పేరుతో ఎస్సీలు. మన సర్టిఫికెట్ అక్కడి రిజర్వేషన్‌కు పనికిరాదు. సరిహద్దు దాటితే కాగితం మారుతుంది గానీ ఇంట్లో మాట్లాడే గోర్ బోలి మారదు.

ఆ మాట అంటుండగానే పాప చేతిలోని బయోడేటా చూసినాను. తెలిసిన భాషలు: తెలుగు, ఇంగ్లీషు, కన్నడం. మూడే.

"నాలుగోది ఏదమ్మా?"

"దాన్ని ఎవరు అడుగుతారత్తా? నువ్వు కూడా బడిలో మాట్లాడవు కదా."

నిజమే. ఒకసారి ఒకటో తరగతిలో తాండా పిల్లవాడు నన్ను గోర్ బోలిలో నీళ్ళడిగినాడు. మిగతా పిల్లలు నవ్వినారు. నేను అర్థం కానట్టు ముఖం పెట్టి, "తెలుగులో అడుగు" అన్నాను. వాడు ఆ రోజు మళ్ళీ నోరు తెరవలేదు. దాహంతోనే ఇంటికి పోయినాడు.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలైంది. వాటిలో బంజారా కూడా ఉంది. సవర, కోయ, గోండి, కొలామి భాషల పిల్లలకూ తమ మాటల్లో వాచకాలు వచ్చినాయి. ఆ పని చేయడానికి రెండు భాషలూ తెలిసినవాళ్ళు కావలసి వచ్చింది. గోర్ బోలి ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో లేదు. అందుకే సివిల్స్‌లో దాన్ని సాహిత్య సబ్జెక్టుగా తీసుకోలేము. ఈ రోజు దానికి జీతం తక్కువే. అయినా బీఏ చదివిన మన పిల్లలే దాన్ని రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

తమ్ముడు చాలాసేపు ఊరుకుని, "రెండేండ్లు చూస్తా" అన్నాడు. బీఈడీ ఫీజు నేను కడతానని చెప్పినాను. పాప ఎడ్‌సెట్ రాసి బీఈడీలో చేరింది. రాత్రిపూట ఫోనులో కొరియన్ అక్షరాలు దిద్దుకుంటూ ఉంది. ఉద్యోగం వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేను.

వెళ్ళేముందు బయోడేటా మీద పెన్నుతో నాలుగో భాష పేరు రాసింది. జూన్‌లో బడి తెరిచినాక నేనూ ఒకటో తరగతికి పోయి, తాండా పిల్లలను గోర్ బోలిలోనే పేర్లడిగినాను. మిగతా పిల్లలు నవ్వినారు. ఈసారి నేను ఆపలేదు, వాళ్ళకూ రెండు మాటలు నేర్పినాను.