నడుస్తోంది కదండీ!

నడుస్తున్నదాన్ని మార్చమంటే ఎవరికైనా కోపమే. మిక్సీ అయినా అంతే, కొట్లో సర్వర్ అయినా అంతే... అదేనండీ, బిల్లులూ, బాకీలూ, సరుకు లెక్కలూ దాచుకునే కంప్యూటరు.

మా మేనల్లుడు విజయవాడలో చిన్న వ్యాపారులకి అవి చూసిపెడుతుంటాడు. "అత్తయ్యా, మా మందుల హోల్‌సేల్ షావుకారు సాఫ్ట్‌వేర్ మార్చనంటున్నాడు. ఒప్పించే మాట చెప్పవూ?" అన్నాడు.

"ఏం చెబుతున్నావురా?"

"రెట్టింపు వేగం వస్తుందని."

"వస్తుందా?"

నవ్వేశాడు. అమ్మితే వాడికి నాలుగు డబ్బులొస్తాయని షావుకారుకి తెలియదూ!

అసలు సంగతి వాడే చెప్పాడు. విండోస్ సర్వర్ 2012కి మామూలు మరమ్మతులు 2023 అక్టోబరు 10తో ఆగిపోయాయి. అది నడుస్తూనే ఉంటుంది, కొత్తగా బయటపడ్డ కన్నాలు మాత్రం పూడవు. 2017 మేలో వాన్నాక్రై వచ్చి లెక్కలకి తాళాలేసి డబ్బడిగితే, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. దానికి మందు మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లే దొరికిపోయారు.

"ఇదే చెప్పు. ఖర్చెంతో చెప్పు. పాత బిల్లింగ్ ప్రోగ్రాం మొరాయించవచ్చనీ చెప్పు."

"అన్నీ చెబితే కొంటాడా?"

"కొనకపోతే బ్యాకప్ అయినా తీయించు."

షావుకారు ఉగాదికి చూద్దామన్నాడట. బ్యాకప్ డిస్కు మాత్రం రోజూ సాయంత్రం ఊడదీసి ఇంటికి పట్టుకెళ్తున్నాడు. వాళ్లావిడ దాన్ని నగల బీరువాలో పెట్టి తాళం వేస్తోందట!