ఎదురు నడిచిన ఇసుక

ములకలపల్లి వాగులో దోసెడు ఇసుక తీసి పళ్లెంలో వేసి, నీళ్లు పోస్తూ వాటంగా తిప్పితే తేలికదంతా కొట్టుకుపోయి అడుగున నల్లటి గీత మిగులుతుంది. ఆ నలుపులో ఒకటీ అరా, ఆవగింజలో పదో వంతుండే లేతరంగు పలుకులు దొరుకుతాయి. అవే జిర్కాన్లు. వాగు వాటిని చివరికి గోదారికే అప్పజెబుతుంది. గోదారి ఇసుక కథ వినాలంటే మాత్రం ముందు ఎగువకు పోవాలి.

కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకున్నాక గోదారి ఆగ్నేయానికి, గీత గీసినట్టు సాగుతుంది. ఆ దారి నది తవ్వుకున్నది కాదు. ధార్వాడ్, బస్తర్ అనే రెండు పాత భూఖండాల మధ్య నేల చీలి ఏర్పడిన కందకం. మణుగూరు, కొత్తగూడెం బొగ్గు అందులో పైపొర. కింది పొరలు ఎంత పాతవో రాయిని చూసి చెప్పలేం, లోపలి ఇసుక రేణువుల్ని అడగాలి.

జిర్కాన్ శిలాద్రవంలో పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి తర్వాత కనిపించే సీసమంతా ఆ యురేనియం క్షయించి పుట్టిందే. యురేనియం-238 సగమయ్యేసరికి 447 కోట్ల ఏళ్లు. లేజరుతో పలుకు మీద వెంట్రుక మందం కూడా లేని గుంట కొట్టి, యురేనియాన్నీ సీసాన్నీ లెక్కగడితే వయసు తేలుతుంది.

భద్రాద్రి రాముడి హుండీ విప్పారనుకోండి. అందులో 2023 నాణెం ఒక్కటున్నా ఆ హుండీకి అంతకుముందు సీలు పడలేదన్నమాట. ఇసుకరాయికీ అదే లెక్క, అందులోని అతి చిన్న వయసు పలుకు కంటే అది పాతది కాలేదు. ఇక నాణెం మీద సంవత్సరం కింద నక్షత్రముంటే హైదరాబాద్ మింటుది. పలుకు వయసూ అలాగే, ఏ కొండల నుంచి వచ్చిందో పట్టిస్తుంది.

2015లో అడిలైడ్, కోల్‌కతా పరిశోధకులు ఈ లోయలోని సోమన్‌పల్లి రాళ్లను ఇలాగే విప్పి చూశారు. ఎక్కువ పలుకులు 350, 248, 162 కోట్ల ఏళ్ల నాటివి. కొన్ని 380 కోట్ల ఏళ్లవి కూడా! వాటికంటే పైనున్న సుల్లవాయి ఎర్ర ఇసుకరాళ్లలో అతి చిన్న వయసువి 97 కోట్ల ఏళ్లవి. వచ్చిన దిక్కు దక్షిణం, ఆగ్నేయం: ఒంగోలు వైపు నేల, తూర్పు కనుమలు, అప్పట్లో మన తీరాన్ని అంటిపెట్టుకున్న అంటార్కిటికా.

అంటే ఆనాటి ఏరులు ఇప్పటి గోదారికి ఎదురు నడిచాయి. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

ఇక దిగువకు పోదాం. భద్రాచలం రేవు దాటాక బూర్గంపహాడ్ దగ్గర కిన్నెరసాని, కూనవరంలో శబరి కలుస్తాయి. పాపికొండల్లో లాంచీ ఇరుకు సందులోకి దూరగానే రెండు పక్కలా లేచే గోడలు ఆ తూర్పు కనుమలే. ఒకనాడు అటునుంచి వచ్చిన పలుకులు, రాయై, మళ్లీ ఇసుకై, ఇప్పుడు ఆ కొండల పాదాల కిందుగా వెనక్కి పోతున్నాయి. నా పళ్లెంలోది వాటిలో ఒకటో కాదో లేజరు కింద పెడితే గానీ తెలియదు. పళ్లెం వాగులోనే కడిగేశాను.