అటక మీది కెంపు

ఇల్లన్నాక అటక ఉంటుంది. అటకన్నాక దాని మీద పాత సామాను ఉంటుంది. దాన్ని పారెయ్యడానికి మగవాళ్ళు ఒప్పుకోరు, దులపడానికి ఆడవాళ్ళకు ఓపిక చాలదు. ఇదివరకు అటక మీద ఇత్తడి గంగాళాలు, శెనక్కాయల గోతాలు ఉండేవి. ఇప్పుడు చచ్చిన టీవీలు, మూగబోయిన టేప్ రికార్డర్లు, డీవీడీ పెట్టెలు ఉంటున్నాయి. గాండ్లపెంటలో మా ఇల్లూ అంతే. పాత సామాన్లవాడు ఇనుముకైతే ఎర్రగడ్డలు బాగానే తూస్తాడు గానీ, డీవీడీ పెట్టెకి అరకిలో ఇచ్చి, మనకేదో మహోపకారం చేసినట్టు మొహం పెడతాడు.

మా మనవడు బెంగుళూరులో డిప్లొమా చదువుతున్నాడు. మొన్న వేసవి సెలవులకు బట్టల కంటే స్క్రూడ్రైవర్లే ఎక్కువ తెచ్చుకున్నాడు.

"జేజీ, తాత డీవీడీ నాకిస్తావా? దాంట్లో లేజరుంటుంది" అన్నాడు.

మావారు పోయి ఆరేళ్ళయింది. ఆ పెట్టెలో ఆదివారం ఆదివారం 'మాయాబజార్' చూసేవారు. అయినా వాడి మొహం చూసి కాదనలేక అటక మీంచి దింపించాను. వాడు మూత విప్పి, అటూ ఇటూ చూసి, మళ్ళీ బిగించేశాడు. "ఇది పాట పాడేదే జేజీ, రాసేది కాదు. దీని లేజరు నీరసం. నాకు కంప్యూటర్లో ఉండే డీవీడీ రైటర్ కావాలి" అన్నాడు. మర్నాడు కదిరి వెళ్ళి, ఓ రిపేరు కొట్లో మూలపడున్న రైటర్లు రెండు తెచ్చుకున్నాడు. మావారి పెట్టె బతికిపోయింది.

లేజరంటే మనకెందుకులే అనుకోకండి. దాని పుట్టుక మన దుద్దుల్లోనే ఉంది సుమండీ! 1960 మే 16న అమెరికాలో మైమన్ అనే ఆయన మొట్టమొదటి లేజరు వెలిగించింది ఓ కెంపు కడ్డీతోనే. కృత్రిమంగా తయారు చేసిన కెంపే అనుకోండి. 1982లో జపాన్‌లో సీడీ ప్లేయర్ అమ్మకానికొచ్చేనాటికి ఆ లేజరు బియ్యపుగింజంత అయిపోయింది. సీడీని చదివే వెలుగు కంటికి దాదాపు ఆనదు. డీవీడీ వెలుగు ఎర్రగా ఉంటుంది. చదవడానికి కొద్ది మిల్లీవాట్లు చాలు. అదే డిస్కు మీద రాయాలంటే వందకు పైగా కావాలి. మేష్టర్లు గోడ మీద చుక్క చూపించే లేజరు పెన్ను అయిదు మిల్లీవాట్లకు మించకూడదంటారు. అంటే మా వాడు కదిరి నుంచి తెచ్చిన గింజ ఆ పెన్నులకు తాత అన్నమాట. నల్ల కాగితానికి చిల్లు పెడుతుంది, అగ్గిపుల్ల వెలిగిస్తుంది.

ఇక్కడే నా గుండెలో రాయి పడింది. కాగితాన్ని కాల్చేది కంటిని కాల్చదా?

అడిగితే దాచకుండా చెప్పాడు. మన కంటిలో ఉన్న కటకం ఆ వెలుగునంతా కూడగట్టి, వెనకాల ఉన్న రెటీనా మీద ఒక్క చుక్కగా పొడుస్తుంది. రెప్ప వాలేలోపే జరగాల్సింది జరిగిపోతుంది. రెటీనాకి నొప్పి కూడా తెలీదు. పైగా రైటర్లో గింజలు రెండుంటాయి, ఎర్రది ఒకటి, కనపడనిది ఒకటి. కనిపించని దొంగే ఎక్కువ ప్రమాదం. రెప్పయినా వేసుకోము కదా!

"నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటాలే" అన్నాడు. ఎండకు పెట్టుకునే అద్దాలు దీనికి పనికిరావు. ఏ రంగు లేజరుకి ఆ రంగుని ఆపే అద్దాలే కావాలి. ఆ సంగతి వాడికీ తెలుసు. కానీ అవి బెంగుళూరు నుంచి రావాలి, అంతదాకా ఆగాలి, పందొమ్మిదేళ్ళకి ఆగడమంటే ఏమిటో మీకు తెలుసుగా.

ఫోన్లో మా కోడలు, "అత్తమ్మా, ఆ చెత్త వాణ్ణి ముట్టుకోనివ్వద్దు" అంది. తల్లి కదా, అలాగే అంటుంది. కానీ ముట్టుకోవద్దంటే మిద్దె మీద, నేను పడుకున్నాక ముట్టుకుంటాడు. ఎదురుగా చేస్తే కనీసం నేను చూస్తాను. అంచేత మూడు షరతులు పెట్టాను. అద్దాలు వచ్చేదాకా వైరు తగలకూడదు. లేజరుని చేత్తో పట్టుకోకూడదు, మూతున్న పెట్టెలో బిగించాలి. మూత తీస్తే కరెంటు దానంతటదే పోవాలి. ఒక పూట అలిగి సంగటి ముద్ద ముట్టలేదు. నేనూ బతిమాలలేదు. రాత్రికి తనే వచ్చి తిన్నాడు.

అద్దాలు వచ్చే నాలుగు రోజులూ వాడు ఊరికే కూర్చోలేదు. ఒక్కో రైటర్లోనూ కటకాన్ని ముందుకీ వెనక్కీ నడిపే చిన్న మోటారుంటుంది, లెక్క ప్రకారం అడుగులేసేది. ఒకదాన్ని అడ్డంగా, ఒకదాన్ని నిలువుగా బిగించాడు. మధ్య లేజరు, దాని వేడి లాగెయ్యడానికో అల్యూమినియం ముక్క, కరెంటు హెచ్చకుండా ఓ చిన్న సర్క్యూటు, ఆడించడానికి ఆర్డ్యునో బోర్డు. అన్నీ కలిపితే అంగుళంన్నర చదరంలో బొమ్మలు చెక్కే యంత్రం! రెక్సిను, పీవీసీ మాత్రం కాల్చకూడదట. అందులోంచి విషపు పొగ వస్తుంది.

అంగుళంన్నరలో ఏం పడుతుంది చెప్పండి? ఓ సంతకం పడుతుంది. మావారి పాత బ్యాంకు పుస్తకంలోంచి వాడు ఫోటో తీసుకున్న సంగతి నాకు తెలీదు. నల్ల అట్టముక్క మీద ఆ వంకర 'ర' గుడీ, చివర లాగే గీతా అచ్చు గుద్దినట్టు దింపాడు. నేనేమీ అనలేదు. వాడూ నా మొహం చూడనట్టే ఉండిపోయాడు.

మిగిలిన బోర్డులూ వైర్లూ చెరువుగట్టున కాల్చి రాగి తీసేవాళ్ళకి ఇవ్వనన్నాడు. వాటిలో సీసం ఉంటుంది, ఆ పొగ మన ఊపిరిలోకే వస్తుంది. ఇటువంటి చెత్తకి 2023 ఏప్రిల్ నుంచి కొత్త నిబంధనలు అమల్లో ఉన్నాయట. రిజిస్టరైన రీసైక్లింగు వాళ్ళకి ఇవ్వాలని సంచీలో కట్టి బెంగుళూరు తీసుకుపోయాడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి కుర్రాడొకడు ఉండే ఉంటాడు. అటక దింపి ఇవ్వండి, వద్దనకండి. కానీ ముందు కళ్ళద్దాలు, ఆ తరవాతే స్క్రూడ్రైవరు. టీవీలూ మైక్రోవేవ్ ఓవెన్లూ మాత్రం విప్పనివ్వకండి, ప్లగ్గు పీకినా వాటిలో షాకు దాక్కునుంటుంది. పాత సామాను మళ్ళీ దొరుకుతుంది, ఎర్రగడ్డలూ దొరుకుతాయి. కన్ను మటుకు ఏ కదిరి కొట్లోనూ దొరకదు.